సుతిలి తాడుతోని 1680 తిరుగుబాటు పిల్లలకు ఎట్ల చెప్పాలె

మా హన్మకొండ లైబ్రరీల ఆదివారం పూట ఎనిమిదో తొమ్మిదో తరగతి పిల్లలకు హిస్టరీ కథలు చెప్తుంట. అమెరికా ఖండాలల్ల స్పెయినోళ్ల మీద అక్కడి జనం ఎట్ల కొట్లాడిన్రో చెప్దామని మొదటిసారి పెద్ద మ్యాపు, 1492 కాడికెళ్లి తారీఖులన్నీ రాస్కొని పోయిన, పది నిమిషాలకే వెనక ఒకడు గురక పెట్టుడు షురూ చేసిండు. తప్పు వానిది కాదు. గప్పటిసంది ఖండం మొత్తం చెప్పుడు బంద్ పెట్టి, ఒక్క తిరుగుబాటు ఒక్క తాడు పట్టుకుంటున్న, అంటే 1680ల ప్యూబ్లో అనే జనం స్పెయినోళ్ల మీద లేసిన కథ. మీరు గూడ చెప్దామనుకుంటే గిట్ల చెయ్యున్రి.

కావాల్సినయ్ తక్కువే. సుతిలి తాడు జర లావుది తీస్కోవాలె, సన్నది తెస్తే పోరలు ముడి గట్టిగ గుంజుతరు ఇగ పండ్లతోని కొరికినా ఊడది, ప్లాస్టిక్‌ది అయితే దానంతట అదే జారిపోతది. నాలుగు గిన్నెలల్ల మక్కలు, నాలుగు తువ్వాళ్లు, గంతే.

ఫస్టు పిల్లలను నాలుగు మూలలకు కూసోబెట్టి మూలకో గిన్నె మక్కలు, ఒక తువ్వాల ఇయ్యాలె. నాలుగు మూలలు నాలుగు ఊర్లు. ఇప్పటి న్యూ మెక్సికో, రియో గ్రాండే నది పొంటి, మట్టి ఇండ్లు ఒకదాని మీద ఒకటి కట్టుకొని మక్కలు, పత్తి పండిచ్చుకునే జనం. వాళ్లను ప్యూబ్లోలు అంటరు, స్పానిష్‌ల ప్యూబ్లో అంటే ఊరనే. దయచేసి రెడ్ ఇండియన్లు అనకున్రి, పాత పుస్తకాలు చదివి మనకు నోటికి అలవాటైంది గని.

తర్వాత మీరే స్పెయిన్ దొర. స్పెయినోళ్లు 1598ల దిగిన్రు, మరుసటేడే అకోమా అనే ఊరు ఎదిరిస్తే వందలమందిని చంపిన్రు. ఇగ ఇంటింటికి ఏడాదికి ఇన్ని మక్కలు, ఒక పత్తి దుప్పటి కట్టాలె, మీదికెళ్లి పని గూడ చెయ్యాలె. ఇక్కడ "ఎన్‌కొమియెండా" అని బోర్డు మీద రాసి టైం వేస్ట్ చెయ్యొద్దు, వెట్టి అనున్రి చాలు, ఇంట్ల తాతను అడిగితే మిగతాది ఆయనే చెప్తడు. ఒక్కో మూలకు పోయి గిన్నెలకెళ్లి దోసెడు మక్కలు తీస్కోన్రి, తువ్వాల గుంజుకోన్రి. రెండోసారి పోయేసరికి పిల్లలు గిన్నె దాచిపెడుతుంటరు, అప్పుడు చెప్పాలె, 1660లు 70లల్ల కరువొచ్చింది, జనం ఆకలికి సచ్చిన్రు, అపాచీలు అనే వేరే తెగోళ్లు దాడులు చేసిన్రు, అయినా కట్టుడు ఆగలే అని. ఈడ మా దగ్గర ప్రతిసారి ఎవరో ఒకరు "సార్ ఇది మన సమ్మక్క కథ లెక్కుంది" అంటరు, కరువుల కప్పం కట్టమన్నది వాళ్లకు చిన్నప్పటి సంది ఎరుకే కద. అననియ్యున్రి. కాకపోతే రెండూ ఒకటే అని మాత్రం మీరు చెప్పకున్రి, ఎవల కథ వాళ్లదే.

ఇంకో మాట, పూజల సంగతి చెప్పుడు జర జాగ్రత్త. పాదిరీలు ప్యూబ్లోల పూజ మాస్కులు కాలవెట్టిన్రు, కీవా అనే పూజ గదులు పాడుచేసిన్రు, 1675ల 47 మంది వైద్యులను, పూజారులను మంత్రగాళ్లని పట్టుకపోయి కొరడాలతోని కొట్టిన్రు, కొందరిని సంపిన్రు. క్లాసుల చర్చికి పోయే పిల్లలు గూడ ఉంటరు, గందుకే తప్పు మతానిది కాదు బలవంతానిది అని నేను ముందే అంట. దెబ్బలు తిన్నోళ్లల్ల ఒకడు పోపే, తిరుగుబాటు నడిపిచ్చింది ఈయ్ననే.

ఇగ అసలు ఆట. పోపే టావోస్ అనే ఊర్ల కూసొని ప్లాన్ చేసిండు, గని ఊర్లు ఇరవై మీదున్నయ్, తేవా, తీవా, కేరెస్, జుని, హోపీ అని భాషలు వేరే వేరే, ఒకలది ఒకలకు అర్థం గాదు. మా పిల్లలల్ల లంబాడీ మాట్లాడేటోళ్లు, ఉర్దూ, కోయ, తెలుగు అన్నీ ఉంటరు, గందుకే నోరు తెర్వద్దు అని రూల్ పెడత. నార తాడుకు ముడులేసి ఉరికేటోళ్లతోని ఊరూరికి పంపిండు, రోజుకో ముడి విప్పాలె, ఆఖరి ముడి ఊడిననాడు అందరు ఒకేసారి లేవాలె. మేము ఐదు ముడులేస్తం, ఇద్దరు పిల్లలు తాళ్లు పంచుతరు, నేను ఒక చప్పట్ కొడితే ఒక రోజు పోయినట్టు. గదంత సప్పుడు లేకుంట ముడులు విప్పుతుంటే చూడాలె, అంత అల్లరి పోరలు ఊపిరి గూడ మెల్లగ తీస్తరు.

మూడో ముడి కాంగనే ఉరికేటోళ్లు ఇద్దరిని మీరు పట్టుకోవాలె. నిజంగ అట్లనే అయింది, 1680 ఆగస్టు 9 నాడు కాటువా, ఒంటువా అనే ఇద్దరు పిలగాండ్లు దొరికిన్రు. ప్లాన్ బయటపడ్డది. ఏం చేస్తరో పిల్లలను వదిలేసి చూడున్రి. మా దగ్గర పోయినసారి మూడు మూలలు ఒకలను ఒకలు సైగ చేస్కొని మిగిలిన ముడులు గబగబ గుంజేసి లేసిన్రు, నాలుగో మూలకు వార్తే పోలే, వాళ్లు ఇంక ముడి విప్పుకుంటనే ఉన్నరు. అప్పుడు చెప్పిన, అక్కడ గూడ ముందుకు జరిపి 10 నాడే లేసిన్రు, దక్షిణాన ఇస్లెటా అనే ఊరోళ్లు మాత్రం కలువలే అని.

యుద్ధం ఎక్కువ సాగదీయకున్రి. నాలుగు వందల మంది దాక స్పెయినోళ్లు సచ్చిన్రు, అండ్ల 21 మంది పాదిరీలు. స్పెయినోళ్ల రాజధాని శాంటా ఫేను ప్యూబ్లోలు చుట్టుముట్టి నీళ్ల కాలువ ఆపిన్రు, గవర్నర్ ఒతెర్మిన్ ఆగస్టు 21 నాడు జనాన్నంత తీస్కొని దక్షిణం దారి పట్టిండు. దీనికన్న పిల్లలకు గుర్తుండేది తర్వాతి ముచ్చట: యక్కా అని ఒక మొక్క, దాని వేరు నలిపితే మన కుంకుడుకాయ లెక్క నురగొస్తది, దాంతోని నదిల తానం చేసి బాప్తిస్మం కడిగేసుకున్నరు. వీలైతే నాలుగు కుంకుడుకాయలు నానబెట్టి తీస్కపోయి చూపియ్యున్రి.

గెలిచిన్రు అని చప్పట్లు కొట్టిచ్చి ఆపితే అది సగం కథ. కరువు ఆగలే, పోపే పెత్తనం మీద సొంతోళ్లకే కోపమొచ్చింది, ఊర్లు విడిపోయినయ్, 1692ల స్పెయినోళ్లు మళ్ల వచ్చిన్రు. కాకపోతే ఆ వెట్టి పద్ధతి మళ్ల పెట్టలేకపోయిన్రు, ప్యూబ్లోల ఆటపాటలు, పూజలు గూడ మునుపటి లెక్క ఆపలే.

పెద్ద పిల్లలైతే "ఇదంత మనకు ఎట్ల తెల్సింది సార్" అని అడుగుతరు. మంచి ప్రశ్న. ఈ తాడు ముచ్చట చాలా వరకు పట్టుబడ్డోళ్లను స్పెయినోళ్లు గుచ్చి గుచ్చి అడిగి రాస్కున్న వాంగ్మూలాలకెళ్లే వచ్చింది, అంటే దొర రాపిచ్చిన కాగితంల రైతు మాట ఎంత నిజం ఎంత భయం అనేది వాళ్లనే మాట్లాడుకోనియ్యాలె. మాకు ఇక్కడ అర్ధగంట పోతది.

టైం మిగిలితే ఇంకొక్కటే, దక్షిణాన చిలీల లౌతారో. స్పెయిన్ కమాండర్ వాల్దీవియా దగ్గర గుర్రాలు చూస్కునే పిలగాడు, గుర్రం అంటే ఏందో, అది దేనికి బెదుర్తదో అన్నీ నేర్సుకొని మాపూచే అనే తన సొంత జనం కాడికి ఉరికిండు, 1553ల టుకాపెల్ కాడ వాల్దీవియానే సంపిన్రు. గది చెప్పంగనే మగపిల్లలు మళ్ల ఆడదామంటరు, ఆడనియ్యకున్రి, అప్పటికే మక్కలు నేల మీద అన్ని దిక్కుల పడి ఉంటయ్, ఏరిపిచ్చి, తాళ్లు లెక్కవెట్టుకొని తీస్కోన్రి, ఒకటన్న జేబుల పడి ఇంటికి పోతది.