లదాఖ్‌లో ఒక ఇంటి భోజనానికి వెళ్లే ముందు

లదాఖ్‌లోని ముఖ్య పట్టణం లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దిగిన రోజే విందుకు ఒప్పుకోకండి. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, తేలికపాటి తిండి, ఎక్కువ నీళ్లు. తలనొప్పి, వికారం ఉంటే మొహమాటపడకుండా ఇంకో రోజుకి మార్చుకోండి.

మాంసం తినకపోతే ముందురోజే చెప్పండి. తుక్పా (నూడుల్స్ సూప్)లో, స్క్యూ (గోధుమపిండి ముద్దలు, కూరగాయలు వేసి ఉడికించే చిక్కటి పులుసు)లో మాంసం వేయడం మామూలే. వండాక చెబితే ఆ ఇంటి ఆవిడ మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలి.

గుమ్మంలో చెప్పులు విప్పి, "జూలే" అనండి. నమస్కారానికీ థాంక్స్‌కీ ఇదొక్క మాటే. కింద పరుపుల మీద కూర్చుంటారు, ముందు పొట్టి బల్ల ఉంటుంది. దాన్ని దాటుకుంటూ వెళ్లకూడదు. పొయ్యి వైపు, పూజగది వైపు కాళ్లు చాపకూడదు. పొయ్యిలో చెత్త అసలు వేయొద్దు.

గుర్‌గుర్ చాయ్ ఉప్పూ వెన్నా వేసి చిలికినది. టీ అనుకుంటే మొదటి గుక్కకే మొహం మారిపోతుంది. చారు అనుకోండి, బాగుంటుంది! గుక్క తాగగానే మళ్లీ నింపుతారు. చాలనుకుంటే కప్పు నిండుగా వదిలేసి, లేచేముందు తాగండి. కొసరి వడ్డించడంలో మన అమ్మమ్మలకేమీ తీసిపోరు, అందుకే మొదట కొంచెమే పెట్టించుకోండి.

ఛాంగ్ బార్లీతో చేసిన మద్యం. ఎత్తు అలవాటు కాకముందు వద్దు.

హోమ్‌స్టే కాకుండా ఊరికే పిలిస్తే డబ్బు ఇవ్వబోకండి. ఒక స్వీట్ డబ్బా చాలు. టార్చ్ మర్చిపోవద్దు, తిరుగుదారి చీకటి.