ఇంటి కంప్యూటర్ రక్షణ – ఐదో పాఠం: టైప్ కాలమ్ చదవడం

నాలుగో పాఠంలో రెండు పనులు చెప్పాను. ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే ఎక్స్‌టెన్షన్ కనపడేలా పెట్టుకోవడం మొదటిది. విండోస్ దాచి ఉంచే ఫైళ్లను ఒకసారి బయటికి రప్పించి చూడటం రెండోది. మొదటిదాంట్లో కొందరు తడబడ్డారు. రెండోదైతే చాలామందికి నిద్ర లేకుండా చేసింది. ఈసారి పెన్‌డ్రైవ్‌లతో మొదలుపెడదామనుకున్నాను కానీ, ముందు ఆ టెన్షన్ తీరాలి.

డెస్క్‌టాప్ మీద మసక మసగ్గా డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ అనే ఫైళ్లు రెండు కనిపించాయని, వైరస్ పట్టేసిందని రాసినవాళ్లే ఎక్కువ. అది వైరస్ కాదు. ఆ ఫోల్డర్ ఎలా కనపడాలో విండోస్ రాసుకునే చిన్న ఫైలు అది. రెండు ఎందుకంటే, మీ అకౌంట్ డెస్క్‌టాప్‌లో ఒకటి ఉంటుంది, ఆ కంప్యూటర్ వాడే అందరికీ ఉమ్మడిగా ఉండే డెస్క్‌టాప్‌లో ఇంకొకటి ఉంటుంది. తెర మీద రెండూ కలిసి కనిపిస్తాయి. తీసేసినా కొంపలేమీ మునగవు, మళ్లీ పుట్టుకొస్తుంది. అలా పుట్టుకొచ్చిందనే కొందరు ఇంకా భయపడ్డారు.

~$ గుర్తులతో మొదలయ్యే ఫైళ్లు వర్డ్ డాక్యుమెంట్ తెరిచి ఉన్నంతసేపు పక్కన ఉంటాయి. మూస్తే పోతాయి. పెన్‌డ్రైవ్‌లో సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్, హార్డ్ డిస్క్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే రీసైకిల్ బిన్ ఫోల్డర్ మామూలుగా ఉండేవే. వాటి జోలికి పోవద్దు.

యాప్‌డేటా అనే ఫోల్డర్‌ను "ఇది నేను పెట్టింది కాదు కదా" అని తీసేసినవాళ్లు మాత్రం నష్టపోయారు. క్రోమ్ బుక్‌మార్కులు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, చాలా ప్రోగ్రాముల సెట్టింగులు అందులోనే ఉంటాయి. వెంటనే రీసైకిల్ బిన్ తెరిచి చూడండి. అక్కడ ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి రిస్టోర్ నొక్కి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

ఇక పేరు మార్చబోయి ఎక్స్‌టెన్షన్ కూడా చెరిపేసినవాళ్లు. ఫోటో తెరుచుకోవడం లేదని, వైరస్ తినేసిందని అనుకున్నారు. ఫోటోకి ఏమీ కాలేదు. పేరు చివర చుక్క పెట్టి జేపీజీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో మళ్లీ రాస్తే తెరుచుకుంటుంది. చెరిపిన వెంటనే అయితే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కినా సరిపోతుంది. ఎఫ్2 నొక్కితే విండోస్ పేరును మాత్రమే ఎంచుకుంటుంది, ఎక్స్‌టెన్షన్‌ను వదిలేస్తుంది. మౌస్‌తో మొత్తం లాగకుండా ఎఫ్2 అలవాటు చేసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

కాబట్టి ఇప్పుడు దాచిన ఫైళ్లు చూపించే సెట్టింగును వెనక్కి తీసేయండి. అవసరం పడిన రోజు మళ్లీ పెట్టుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్లు మాత్రం ఎప్పటికీ కనపడుతూనే ఉండాలి. విండోస్ 11లో వ్యూ మెనూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్. విండోస్ 10లో పైన ఉండే వ్యూ ట్యాబ్‌లోనే ఆ గడి ఉంటుంది.

ఇక అసలు విషయం. వచ్చిన ప్రశ్నల్లో సగం ఒకే మాట మీద నడిచాయి. "పీడీఎఫ్ బొమ్మ ఉంది కదండీ, అందుకే తెరిచాను." ఈ ఒక్క నమ్మకం పోవాలి. అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, విసుక్కోవద్దు.

ఈఎక్స్‌ఈ ఫైలు అంటే నడిచే ప్రోగ్రాము. దాని ఐకాన్ దాని లోపలే ఉంటుంది. తయారు చేసినవాడు ఏ బొమ్మ పెడితే విండోస్ ఆ బొమ్మే చూపిస్తుంది. పీడీఎఫ్ బొమ్మ పెట్టొచ్చు, వర్డ్ బొమ్మ పెట్టొచ్చు, పసుపు పచ్చ ఫోల్డర్ బొమ్మా పెట్టొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఐకాన్ చూసి ఫైలును నమ్మడం అంటే, యూనిఫాం వేసుకున్న ప్రతివాడినీ పోలీసు అనుకుని తలుపు తీయడమే.

పేరుతో మోసం ఇంకా పాతది. 2000 మే నెలలో ఐ లవ్ యూ అనే సబ్జెక్టుతో ఒక మెయిల్ ప్రపంచమంతా తిరిగింది. ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన పురుగు (వర్మ్, అంటే తనంతట తానే వ్యాపించే వైరస్) అది. దానికి జోడించిన ఫైలు పేరు లవ్ లెటర్ ఫర్ యూ డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్. వీబీఎస్ అంటే స్క్రిప్టు, నొక్కగానే నడిచే ఆదేశాల ఫైలు. చివరి ఆ వీబీఎస్‌ను విండోస్ దాచేసింది. చూసినవాళ్లకు టీఎక్స్‌టీ వరకే కనపడి, మామూలు టెక్స్ట్ ఫైలే అనుకుని నొక్కారు. అది అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ తనను తాను పంపుకుని, కంప్యూటర్‌లోని జేపీజీ ఫోటోల మీద తన కాపీని రాసుకుంటూ పోయింది. ఇన్నేళ్లు గడిచినా, కొత్తగా కొన్న కంప్యూటర్లో ఎక్స్‌టెన్షన్లు దాచే ఉంటున్నాయి. నాలుగో పాఠం అందుకోసమే.

ఎక్స్‌టెన్షన్ కనపడితే చాలా? చాలదు, మూడు దారులు ఇంకా మిగిలే ఉంటాయి.

ఒకటి, పేరును సాగదీయడం. "కరెంటు బిల్లు డాట్ పీడీఎఫ్" అని రాసి, తర్వాత బోలెడు ఖాళీలు వదిలి, చివర ఈఎక్స్‌ఈ పెడతారు. కాలమ్ వెడల్పు చాలక చివరి ముక్క కనపడదు.

రెండోది, అక్షరాలను తిప్పడం. ఉర్దూ, అరబిక్ లాంటి లిపులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. వాటి కోసం కంటికి కనపడని ఒక గుర్తు ఉంది. అది పెట్టిన చోటు నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. ఫైలు నిజంగా ఈఎక్స్‌ఈతోనే ముగుస్తుంది. తెర మీద మాత్రం ఆ ఈఎక్స్‌ఈ మధ్యలోకి వెళ్లి, చివర పీడీఎఫ్ అని కనిపిస్తుంది. ఎంత జాగ్రత్తగా పేరు చదివేవాళ్లయినా ఇక్కడ పడిపోతారు.

మూడోది షార్ట్‌కట్, అంటే వేరే ఫైలునో ప్రోగ్రామునో తెరిచే చిన్న ఫైలు. దీని ఎక్స్‌టెన్షన్ ఎల్ఎన్‌కే. మీరు నాలుగో పాఠం అక్షరం పొల్లుపోకుండా చేసినా సరే, విండోస్ దీన్ని చూపించదు. చూపించకూడదని సిస్టమ్‌లోనే రాసి ఉంటుంది. అందుకే "అన్నిటికీ వచ్చింది, కొన్నిటికి రాలేదు" అని మీలో కొందరు రాశారు. మీ సెట్టింగులో లోపమేమీ లేదు.

ఈ మూడింటికీ మందు ఒకటే, టైప్ కాలమ్. ఫైలు నిజంగా ఏమిటో విండోస్ అక్కడ రాస్తుంది. ఈఎక్స్‌ఈ అయితే అప్లికేషన్ అని, ఎల్ఎన్‌కే అయితే షార్ట్‌కట్ అని ఉంటుంది. పేరెంత సాగదీసినా, అక్షరాలెంత తిప్పినా ఆ కాలమ్ మారదు. అది కనపడాలంటే ఫోల్డర్ డీటెయిల్స్ వ్యూలో ఉండాలి. కంట్రోల్, షిఫ్ట్, 6 మూడూ కలిపి నొక్కండి. నేను ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా ముందు చేసే పని ఇదే. పెద్ద ఐకాన్ల వ్యూ నాకు అసలు నచ్చదు. ఫోటోల ఫోల్డర్‌కి తప్ప దేనికీ వాడను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కి, పెన్‌డ్రైవ్‌కి అయితే మీరూ వాడకండి.

పీడీఎఫ్ అనుకున్నదాని పక్కన అప్లికేషన్, స్క్రీన్ సేవర్, బ్యాచ్ ఫైల్, స్క్రిప్ట్ ఫైల్, హెచ్‌టీఎంఎల్ అప్లికేషన్, షార్ట్‌కట్ వీటిలో ఏది కనపడినా తెరవకండి. పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. వాళ్ల అకౌంట్‌ను వేరేవాడు వాడుతూ ఉండొచ్చు కాబట్టి అదే చాట్‌లో అడిగితే లాభం లేదు.

జిప్ ఫైలు తెరవడానికి పాస్‌వర్డ్ అడిగి, ఆ పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో రాసి ఉంటే మరీ అనుమానించాలి. తాళం వేసిన జిప్ లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేదు, అందుకే వేస్తారు. క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా వాడేలా మార్చిన సాఫ్ట్‌వేర్ దాదాపు ఇలాగే వస్తుంది. పైగా "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని కూడా రాస్తారు. ఆ వాక్యం చూసిన చోటే ఆగిపోండి. ఫోన్లో పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలూ (ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఇదే కోవలోది. పెళ్లి పత్రిక బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది కానీ, ఇన్‌స్టాల్ చేయమని అడగదు.

ఇంట్లో నేను చేసుకున్న ఏర్పాటు ఒకటి చెబుతాను. జేఎస్, వీబీఎస్ రకం స్క్రిప్టు ఫైళ్లు డబుల్ క్లిక్ చేస్తే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేలా మార్చేశాను. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్‌కి వెళ్లి ఎక్స్‌టెన్షన్ పేరుతో వెతికితే కుదురుతుంది. పొరపాటున నొక్కినా ప్రోగ్రాము నడవదు, రాత మాత్రమే కనపడుతుంది. ఆఫీసు పనికి స్క్రిప్టులు వాడే ఇళ్లలో ఇది ఇబ్బంది, మిగతా ఇళ్లలో పెట్టుకోవాల్సిందే అంటాను.

టైప్ కాలమ్ చదివితే అన్నీ ఆగిపోతాయని అనుకోవద్దు. 2017 మే నెలలో వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చినప్పుడు ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేకపోయింది. నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనే పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ రంధ్రం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాన్ని ఇంకా వాడుతున్నవాళ్లు అప్‌డేట్లు ఎలా తెచ్చుకోవాలో రెండో పాఠంలో ఉంది.

ఇప్పుడు పెన్‌డ్రైవ్. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని ఇంటికొచ్చి పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోతాయి, లేదా డ్రైవ్ పేరుతోనే ఒక షార్ట్‌కట్ మిగులుతుంది. మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. వైరస్ అసలు ఫోల్డర్లను దాచి, వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెట్టింది. ఆ షార్ట్‌కట్ నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, ఆ వెంటనే మీ ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. అన్నీ బాగానే ఉన్నాయనుకుంటారు. షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చూస్తే సంగతి తెలుస్తుంది. అక్కడ మీ ఫోల్డర్ పేరుకు బదులు సీఎండీ అనో, పవర్‌షెల్ అనో, డబ్ల్యూస్క్రిప్ట్ అనో, అంటే ఆదేశాలు నడిపే విండోస్ ప్రోగ్రాము పేరు ఉంటుంది.

ముందు విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆ డ్రైవ్‌ను స్కాన్ చేయించండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్ తెరిచి, దాచిన ఫైళ్లు చూపించమని పెట్టండి. ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచమనే గడిలో టిక్కు కూడా తీసేయండి. మసగ్గా మీ ఫోల్డర్లు కనిపిస్తాయి. కొన్నిసార్లు పేరే లేని ఒక ఫోల్డర్ కనిపిస్తుంది, మీ సరుకంతా అందులో ఉంటుంది. లోపలికెళ్లి టైప్ కాలమ్ చూస్తూ డాక్యుమెంట్లు, ఫోటోలు మాత్రమే కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. అప్లికేషన్ అని, షార్ట్‌కట్ అని ఉన్నవి ముట్టుకోవద్దు. తర్వాత పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, రెండు సెట్టింగులూ వెనక్కి పెట్టండి. దాచిన ఫోల్డర్లను కమాండ్‌తో బయటికి తెచ్చే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. నేను సలహా ఇవ్వను, దాంతో వైరస్ ఫైళ్లు కూడా అక్కడే మిగిలిపోతాయి.

ఆ షార్ట్‌కట్ ముందే నొక్కేసి ఉంటే, విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి వైరస్‌కు దాక్కునే వీలు తక్కువ. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, తెరిచి ఉన్న పని ముందే సేవ్ చేసుకోండి.

అభ్యాసం ఈసారి కాస్త కష్టంగానే ఇస్తున్నాను. మోసం ఎలా కనపడుతుందో తెలియాలంటే మీరే ఒకటి తయారు చేయాలి. నోట్‌ప్యాడ్‌లో పాజ్ అనే ఇంగ్లిష్ మాటను ఐదు అక్షరాలతో రాయండి. సేవ్ యాజ్‌లో సేవ్ యాజ్ టైప్ దగ్గర ఆల్ ఫైల్స్ ఎంచుకుని, బయోడేటా డాట్ పీడీఎఫ్ డాట్ బీఏటీ అని పేరు పెట్టండి. ఎక్స్‌టెన్షన్లు దాచి ఒకసారి, చూపించి ఒకసారి పేరు చూడండి. డబుల్ క్లిక్ చేస్తే నల్ల కిటికీ తెరుచుకుని ఏదో ఒక కీ నొక్కమంటుంది, అంతకుమించి ఏమీ చేయదు. తర్వాత దానికి షార్ట్‌కట్ తయారు చేసి, ప్రాపర్టీస్‌లో ఛేంజ్ ఐకాన్ నొక్కి, ఫోల్డర్ బొమ్మ ఎంచుకుని, పెళ్లి ఫోటోలు అని పేరు పెట్టండి. ఇంట్లో ఎవరినైనా పిలిచి ఫోటోలు చూడమనండి. వాళ్లు ఏం చూసి నొక్కారో అడిగి రాసుకోండి. టార్గెట్ గడి చూపించి, అప్పుడు సంగతి చెప్పండి.

రెండో అభ్యాసం చిన్నది. ఐకార్ అనే 68 అక్షరాల పరీక్ష ఫైలు ఉంది. ఎవరికీ హాని చేయదు, యాంటీవైరస్ కంపెనీలు దాన్ని వైరస్‌లాగే పట్టుకోవాలని ఒప్పుకున్నాయి. ఐకార్ సంస్థ సైట్ నుంచి దాన్ని డౌన్‌లోడ్ చేయబోతే డిఫెండర్ అడ్డుకోవాలి. అడ్డుకోకుండా ఫైలు అలాగే ఉండిపోతే మీ కంప్యూటర్లో యాంటీవైరస్ పని చేయడం లేదు. అలాంటివాళ్లు విండోస్ సెక్యూరిటీ తెరిచి అక్కడ ఎర్రగా ఏం రాసి ఉందో నాకు రాయండి.

వచ్చే పాఠం బ్యాకప్. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ అప్పుడే కొనేయకండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు ఎంతో చూసి పెట్టుకోండి, ఎంత పెద్ద డ్రైవ్ కావాలో దాన్ని బట్టి లెక్క వేద్దాం.