ఆందోళనకు మందు మొదలుపెట్టిన తొలి వారాలు: దుష్ప్రభావాలను ఎలా ఎదుర్కోవాలి

ఆందోళనకు మందు మొదలుపెట్టినవారికి తొలి రోజుల్లోనే ఒక చిక్కు ఎదురవుతుంది. మందు మొదట్లో కలిగించే ఇబ్బందులు, ఏ జబ్బు తగ్గాలని దాన్ని వేసుకుంటున్నామో ఆ జబ్బు లక్షణాల్లాగే ఉంటాయి. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం గాబరాలోనూ కనిపిస్తాయి, మందు వేసుకున్న మొదటి వారంలోనూ కనిపిస్తాయి. ఒంట్లో కలిగే ప్రతి చిన్న మార్పునూ ముంచుకొచ్చే ప్రమాదంగా భావించే అలవాటు ముందునుంచే ఉన్నవారికి ఇది పెద్ద పరీక్ష. అందుకే చాలామంది నాలుగైదు రోజులకే "ఈ మందు నాకు పడదు" అనే నిర్ణయానికి వచ్చి, మందు పని మొదలుపెట్టకముందే మానేస్తారు.

నేను ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టిన మూడో రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చింది. అరచేతులు తడిసి ఉన్నాయి, దవడ బిగుసుకుపోయింది, మంచినీళ్ళ గ్లాసు ఎత్తితే అందులోని నీళ్ళు వణుకుతున్నాయి. మందు పెట్టెలో మడత పెట్టి ఉన్న పల్చని కాగితాన్ని విప్పి దీపం కింద చదివితే, ఆ చిన్న అక్షరాల్లోని ప్రతి లక్షణమూ నాకు ఉన్నట్లే తోచింది. ఏవి ఓర్చుకోదగినవి, వేటికి మరునాడు వైద్యునికి ఫోన్ చేయాలి, వేటికి ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి అని ముందుగా ఒక పేజీలో రాసుకుని ఉంటే, ఆ రాత్రి నాకు అంత కష్టంగా గడిచేది కాదు. అలాంటి పేజీని మీరు ముందే తయారు చేసుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇబ్బంది ముందు, మేలు తరువాత

ఆందోళనకు సాధారణంగా మొదట ఇచ్చే మందులు, నరాల మధ్య సందేశాలు చేరవేసే సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసేవి: ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, పారోక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ వంటివి. సెరటోనిన్‌తో పాటు నార్ అడ్రినలిన్ అనే మరో రసాయనం మీద కూడా పనిచేసే వెన్లాఫాక్సిన్, డ్యూలోక్సిటిన్ కూడా వాడతారు. ఇవి వేసుకున్న కొద్ది గంటల్లోనే సెరటోనిన్ మీద ప్రభావం మొదలవుతుంది గానీ, ఆ మార్పుకు మెదడు సర్దుకోవడానికి వారాలు పడుతుంది. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం జీర్ణవ్యవస్థలోనే ఉంటుంది కాబట్టి కడుపు అన్నిటికంటే ముందుగా మొరాయిస్తుంది. వికారం, పలుచని విరేచనాలు, ఆకలి మందగించడం మొదటి రోజుల్లోనే రావడానికి కారణం ఇదే.

వీటిలో చాలా ఇబ్బందులు ఒకటి రెండు వారాల్లో వాటంతట అవే సన్నగిల్లుతాయి. మేలు కనిపించడం సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల మధ్య మొదలవుతుంది, పూర్తి ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి 12 వారాలు కూడా పడుతుంది. ఈ అంకెలను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. పదో రోజున "ఇంకా ఏమీ తేడా లేదు" అనిపించినప్పుడు, తేడా తెలియవలసిన రోజు ఇంకా రాలేదని ఆ క్యాలెండర్ చూస్తే అర్థమవుతుంది.

మొదటి మాత్రకు ముందు

మీరు వాడుతున్న మందులన్నిటి పేర్లూ, చీటీ లేకుండా కొనుక్కునే వాటితో సహా, వైద్యునికి చెప్పాలి. నొప్పులకు వాడే ట్రమడాల్, పార్శ్వనొప్పికి వాడే సుమాట్రిప్టాన్ వంటివి, పొడి దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, మూలికా మందుగా అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ ఈ మందులతో కలిస్తే సెరటోనిన్ ప్రభావం మితిమీరే అవకాశం ఉంది. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ వంటివి కలిస్తే రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. గతంలో ఎప్పుడైనా నిద్ర అవసరం లేకుండా విపరీతమైన ఉత్సాహంతో రోజుల తరబడి గడిపి ఉంటే, ఇంట్లో ఎవరికైనా బైపోలార్ జబ్బు (అతి ఉత్సాహం, తీవ్ర కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉంటే, గుండె లయకు సంబంధించిన సమస్య ఉంటే, గర్భవతి అయినా, బిడ్డకు పాలిస్తున్నా ఆ సంగతులు కూడా దాచకుండా చెప్పాలి.

మోతాదు గురించి అడగడానికి మొహమాటపడవద్దు. ఆందోళన ఉన్నవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం వాడుకలో ఉన్న పద్ధతి. ఉదాహరణకు పానిక్ జబ్బుకు (ఉన్నట్టుండి తీవ్రమైన భయం ముంచుకొచ్చే జబ్బుకు) సెర్ట్రాలిన్‌ను 25 మిల్లీగ్రాములతో, ఎస్సిటలోప్రామ్‌ను 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఒక వారం తరువాత పెంచుతారు. అయితే మాత్రను మీ అంతట మీరే విరిచి సగం చేసుకోవద్దు. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలను, క్యాప్స్యూళ్ళను నలపడం గానీ నమలడం గానీ చేయకూడదు.

ఇక నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన పని: మొదటి మాత్రకు ముందు రోజే, అప్పటికే ఒంట్లో ఉన్న లక్షణాలను నోటుపుస్తకంలో రాసుకోవడం. దడ రోజుకు ఎన్నిసార్లు వస్తోంది, ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, కడుపు ఎలా ఉంది, తలనొప్పి ఉందా అనే వివరాలు రాసి, ఒక్కోదానికి సున్నా నుంచి పది వరకు ఎంత తీవ్రంగా ఉందో ఒక అంకె వేయండి. తరువాత రోజూ సాయంత్రం ఒకే సమయానికి, ఒక్కసారి మాత్రమే, అవే అంకెలు మళ్ళీ వేయండి. గంటకోసారి ఒళ్ళు పరీక్షించుకుంటూ రాస్తే నోటుపుస్తకం కూడా ఆందోళనకు ఆహారమవుతుంది. వారం గడిచాక వెనక్కి తిరిగి చూస్తే, మందు వల్ల వచ్చిందనుకున్న తలనొప్పి ముందు రోజు కూడా ఉండేదని తెలియవచ్చు. వికారం ఆరు నుంచి మూడుకు దిగిందని కాగితం మీద కనిపించవచ్చు. మనసు చెప్పేదాని కంటే ఆ అంకెలు నమ్మదగినవి.

ఒక్కో ఇబ్బందినీ ఎలా తట్టుకోవాలి

వికారం ఉంటే మాత్రను ఖాళీ కడుపుతో కాకుండా ఏదైనా తిన్న వెంటనే వేసుకోండి. ఒకేసారి కడుపునిండా తినడం మాని, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినండి, నూనె, మసాలా ఎక్కువున్న పదార్థాలను కొన్ని రోజులు పక్కన పెట్టండి. విరేచనాలవుతుంటే నీళ్ళు, అవసరమైతే ఓఆర్‌ఎస్ ద్రావణం తాగుతూ ఉండాలి. తలనొప్పికి, మీ వైద్యుడు వేరే విధంగా చెప్పకపోతే, ఐబుప్రొఫెన్ కంటే పారాసిటమాల్ మేలు. నోరు ఎండిపోతుంటే తరచుగా గుక్కెడు నీళ్ళు తాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం చాలు.

నిద్ర విషయంలో ఒకే మందు ఇద్దరిలో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. మగతగా ఉంటే రాత్రికి, నిద్ర పట్టకపోతే ఉదయానికి మాత్ర సమయాన్ని మార్చుకోవచ్చు. ఎలా మార్చాలో మాత్రం వైద్యుణ్ణిగానీ ఫార్మసిస్టునుగానీ అడిగి చేయండి, తరువాత ఆ సమయాన్ని మళ్ళీ మళ్ళీ మార్చవద్దు. కాఫీ, టీ తగ్గించడం దడకూ నిద్రకూ మంచిదే. అయితే రోజుకు నాలుగైదు కప్పులు తాగేవారు మందు మొదలుపెట్టిన రోజే పూర్తిగా మానేస్తే, కెఫీన్ లేకపోవడం వల్ల వచ్చే తలనొప్పి, నీరసం కూడా మందు ఖాతాలో పడతాయి. కాబట్టి ముందు వారం నుంచే ఒక్కో కప్పు తగ్గించుకుంటూ రండి. మద్యం వద్దు. మగత, తల తిరగడం ఎలా ఉంటాయో తెలిసేదాకా వాహనం నడపవద్దు.

అన్నిటిలోకీ కష్టమైనది మొదటి రెండు వారాల్లో గాబరా పెరిగినట్లు ఉండడం. ఒంట్లో ఏదో మోటారు తిరుగుతున్నట్లు, నరాలు జివ్వుమంటున్నట్లు, కారణం లేని తొందరతో మనసు నిలవదు. ఇది కొందరికి రానే రాదు, వచ్చినవారికి సాధారణంగా కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో తగ్గుతుంది. అది వచ్చినప్పుడు "ఇది మందు తొలి ప్రభావం, నేను ముందే రాసుకున్నదే" అని పైకి అనుకోండి. చిన్నపిల్లల మాటలా అనిపించినా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే భయానికి బలమిచ్చేది అర్థం కాకపోవడమే. నాడిని, బీపీని పదేపదే చూసుకోవద్దు. ఊపిరి తీసుకునే సమయం కంటే వదిలే సమయం ఎక్కువ ఉండేలా, నాలుగు అంకెలు లెక్కపెడుతూ తీసుకుని ఆరు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు అలా చేశాక లేచి నడవండి. పడుకుని ఒంటిని గమనిస్తూ ఉండడం కంటే బట్టలు మడవడం, అంట్లు తోమడం వంటి చేతి పని మేలు. ఆ వారాల్లో పెద్ద నిర్ణయాలు, తప్పనిసరి కాని ప్రయాణాలు పెట్టుకోకపోవడం మంచిది.

ఇవేవీ సరిపోకపోతే వైద్యునికి చెప్పండి. మోతాదు తగ్గించి మరింత నెమ్మదిగా పెంచవచ్చు, లేదా కొద్ది రోజులకు మరో మందు తోడుగా ఇవ్వవచ్చు. అలా ఇచ్చే క్లోనజిపామ్, లోరజిపామ్, అల్ప్రజోలామ్ వంటివి త్వరగా ఉపశమనం ఇస్తాయి, కానీ మగతను, తూలుడును తెస్తాయి, కొన్ని వారాలు వరుసగా వాడితే శరీరం వాటికి అలవాటుపడుతుంది. వాటిని మద్యంతో గానీ, నల్లమందు జాతి నొప్పి మందులతో గానీ కలపడం ఊపిరికే ప్రమాదం. దడకు ప్రొప్రనలాల్ ఇచ్చినట్లయితే, ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, దాన్ని వేసుకోకూడదు.

లైంగిక కోరిక తగ్గడం, భావప్రాప్తి ఆలస్యం కావడం గురించి ఎవరూ మాట్లాడరు. వికారంలాగా ఇది రెండు వారాల్లో పోదు, చాలామందిలో మందు వాడినంతకాలం ఉంటుంది. చెప్పడానికి సిగ్గుపడి మందే మానేసేవారు ఎందరో ఉంటారు. వైద్యునికి ఇది రోజూ వినే ఫిర్యాదే. మోతాదు సవరించడం, మందు మార్చడం వంటి దారులు ఉన్నాయి.

ఓర్చుకోకూడనివి

ఆ పేజీలో ఈ భాగాన్ని ఎర్ర సిరాతో రాయండి. చనిపోవాలన్న ఆలోచన, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచన కొత్తగా వచ్చినా, ఉన్నది పెరిగినా వెంటనే వైద్యునికి చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు, అత్యవసర సహాయం తీసుకోవాలి. యువతలో ఈ ముప్పు ఎక్కువని గుర్తించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లలు, కౌమారవయస్కుల విషయంలో ఈ మందుల మీద తీవ్ర హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది, 2007లో దాన్ని 24 ఏళ్ళ వయసు వరకు పొడిగించింది. మొదటి వారాల్లోనూ, మోతాదు మారినప్పుడూ ఎక్కువ జాగ్రత్త అవసరం. అందుకే ఇంట్లో ఒకరికి, లేదా దగ్గరి స్నేహితునికి, మందు మొదలుపెట్టిన సంగతి ముందుగానే చెప్పాలి. మనలో వచ్చే మార్పు మనకంటే ముందుగా వారికే కనిపించవచ్చు.

ఒకచోట కూర్చోలేక, నిలబడలేక, కాళ్ళు ఆడిస్తూ తిరుగుతూనే ఉండవలసి వస్తే అది మామూలు గాబరా కాకపోవచ్చు, ఆ రోజే ఫోన్ చేయండి. నిద్ర లేకపోయినా అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతుంటే కూడా అంతే. వయసు పైబడినవారిలో, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు వాడేవారిలో, రక్తంలో సోడియం పడిపోవచ్చు. అయోమయం, తూలుడు, తీవ్రమైన నీరసం కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి.

జ్వరం, విపరీతమైన చెమటలు, కండరాలు బిగుసుకుపోవడం లేదా ఎగిరెగిరి పడడం, అయోమయం కలిసి వస్తే అది సెరటోనిన్ మితిమీరిన స్థితి కావచ్చు. ఇది సాధారణంగా మోతాదు పెంచిన లేదా మరో మందు కలిపిన 24 గంటల్లోపు బయటపడుతుంది. అప్పుడు, అలాగే ముఖం, నాలుక వాచినా, ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా, మూర్ఛ వచ్చినా, నల్లని విరేచనమైనా మరో మాత్ర వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మాత్ర మరిచిపోతే, మానాలనిపిస్తే

ఒక మాత్ర మరిచిపోయి అదే రోజు గుర్తొస్తే వేసుకోండి, తరువాతి మాత్ర వేళ దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి వేసుకోవద్దు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ పరిమాణం ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, కాబట్టి కొన్ని గంటలు ఆలస్యమైతే కంగారు అక్కరలేదు. పారోక్సిటిన్, వెన్లాఫాక్సిన్ మాత్రం ఆలస్యాన్ని అంతగా సహించవు. వారాల తరబడి వాడిన మందును ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు తగిలినట్లు జిల్లుమనడం వంటివి వస్తాయి. చాలామంది వీటిని జబ్బు తిరగబెట్టిందని పొరబడతారు. కుదుటపడ్డాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది పాటు మందు కొనసాగించి, ఆ తరువాత వైద్యుని సలహాతో మెల్లగా తగ్గిస్తారు.

రెండో వారంలో లేదా నాలుగో వారంలో వైద్యుణ్ణి కలిసేటప్పుడు ఆ నోటుపుస్తకాన్ని తీసుకువెళ్ళండి. "బాగా లేదు" అని చెప్పడం కంటే "వికారం ఆరు నుంచి రెండుకు తగ్గింది, నిద్ర మాత్రం ఇప్పటికీ నాలుగు గంటలే" అని చూపిస్తే, మోతాదు పెంచాలా, సమయం మార్చాలా, మరో మందుకు వెళ్ళాలా అన్నది ఆయన తేలికగా నిర్ణయించగలరు. ఒక మందు పడని మనిషికి అదే జాతిలోని మరొకటి పడడం మామూలే, కాబట్టి మొదటిది మార్చవలసి వచ్చినా పాత పేజీలను చించవద్దు. కొత్త మందుకు కొత్త పేజీ మొదలుపెట్టి, మొదటి మాత్రకు ముందు రోజు అంకెలు మళ్ళీ వేయండి.