ఒడిశా సరిహద్దు సంఘాలకు: చేతిలో ఉండాల్సిన కాగితాలు, నోట ఉండాల్సిన మాటలు

ఆంధ్రాలోని పాతపట్నం పాస్టరు గారు ఒడిశాలోని పర్లాకిమిడి వచ్చి బాప్తిస్మం ఇస్తే ఏ రాష్ట్రపు చట్టం వర్తిస్తుంది? బాప్తిస్మం ఎక్కడ జరిగితే అక్కడి చట్టమే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జైపూర్ వైపు తెలుగు సంఘాలకు ఎక్కువ చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. ఆంధ్రాలో అలవాటైన పద్ధతినే మహేంద్రతనయ నది ఈ గట్టునా పాటిస్తారు. ఇక్కడ 1967 నాటి ఒడిశా మత స్వాతంత్ర్య చట్టం, దాని కింద 1989 నియమాలు ఉన్నాయన్న సంగతి ఠాణాకు పిలిచాకే తెలుస్తుంది.

ముందు మన హక్కు ఏమిటో, ఎంతవరకో తెలియాలి. రాజ్యాంగం 25వ అధికరణ నమ్మడానికి, ఆచరించడానికి, ప్రకటించడానికి స్వేచ్ఛ ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులూ పెట్టింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒడిశా చట్టాన్ని సమర్థిస్తూ, ప్రకటించే హక్కులో ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు లేదని చెప్పింది. అంటే సువార్త చెప్పడం మన హక్కు. నిర్ణయం మాత్రం పూర్తిగా విన్నవాడిది. ఆ నిర్ణయం అతనిదేనని చూపించే కాగితం తయారు చేసుకోవడం మన పని.

బాప్తిస్మం తీసుకోదలచినవారు ముందుగా ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఎదుట, సొంత ఇష్టంతోనే మతం మారుతున్నానని ప్రకటన ఇవ్వాలి. ఇది సంఘం రాసి సంతకం పెట్టించే పత్రం కాదు, ఆ మనిషి స్వయంగా వెళ్లి ఇచ్చేది. తర్వాత బాప్తిస్మమిచ్చే పాస్టరు గారు తేదీ, సమయం, స్థలం, తీసుకునేవారి పేర్లు, చిరునామాలతో ఫారం-ఎ నింపి 15 రోజుల ముందే కలెక్టరుకు అందించాలి. లెక్క సరిగ్గా పదిహేనుకు పెట్టుకోకండి. మధ్యలో రథయాత్రో, దసరానో వస్తే ఆఫీసు మూసి ఉంటుంది. పాతిక రోజుల ముందు రెండు ప్రతులు తీసుకుని కలెక్టరేటుకు వెళ్లండి. ఒకటి అక్కడ ఇచ్చి, రెండోదాని మీద సీలు, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. సీలు లేని ప్రతి చేతిలో ఉన్నా లేనట్టే.

ఈ నియమం తప్పితే జరిమానా వెయ్యి రూపాయల వరకే. కానీ ఆ కాగితం లేకపోతే బలవంతం, ప్రలోభం అన్న ఆరోపణకు సందు దొరుకుతుంది. అసలు చట్టం కింద శిక్ష ఏడాది వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనరు, స్త్రీ, ఎస్సీ, ఎస్టీ విషయంలో అది రెండేళ్లు, 10,000 వరకు పోతుంది. అదే చట్టంలో మనకు రక్షణా ఉంది. దర్యాప్తు ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని అధికారే చేయాలి. కలెక్టరు గాని, ఆయన అధికారమిచ్చిన సబ్-డివిజనల్ అధికారి హోదాకు తగ్గనివారు గాని అనుమతించందే కోర్టులో కేసు నడవదు. మీ వకీలు మొట్టమొదట చూడాల్సినవి ఈ రెండే.

బాప్తిస్టు సంఘాల్లో ఇంకో మాట. విశ్వాసుల పిల్లలు పెద్దయ్యాక తీసుకునే బాప్తిస్మం మతమార్పిడి కాదు. ఆ సంగతి రుజువు కావాలంటే తల్లిదండ్రుల బాప్తిస్మం తేదీ, బిడ్డ ప్రతిష్ఠ తేదీ సంఘ రిజిస్టరులో ఉండాలి. చాలా సంఘాల్లో ఆ పుస్తకం ఒకటే, అదీ చెదపట్టింది. ఇవాళే ప్రతి పేజీ ఫోటో తీసి ఇద్దరు పెద్దల దగ్గర ఉంచండి.

కాగితం తర్వాత మాట. ఈ చట్టంలో ‘ప్రలోభం’ అంటే డబ్బే కాదు, వస్తువు, ఏ రకమైన లాభమైనా. ‘బలవంతం’లో దైవాగ్రహం పేరు చెప్పి బెదిరించడం కూడా ఉంది. "నాకు జబ్బు తగ్గింది, ప్రభువే తగ్గించాడని నమ్ముతున్నాను" అంటే సాక్ష్యం. "మా దేవుణ్ణి నమ్ముకో, నీ జబ్బు పోతుంది" అంటే ప్రలోభమని రాసుకోవడానికి వీలుంది. "నమ్మకపోతే నీ ఇంటి మీదికి ఉగ్రత వస్తుంది" అన్న మాట ఒక మనిషి ముఖాన ఎప్పుడూ అనకండి. చట్టం సంగతి అటుంచితే, పేతురు చెప్పిన సాత్వికం అందులో లేదు. కరపత్రం అచ్చుకు వెళ్లేముందు ఈ కళ్లతో ఒకసారి చదవండి. క్రిస్మస్‌కు చీరలు, బియ్యం పంచితే వీధిలో అందరికీ పంచండి, ఆ బల్ల మీద కరపత్రాలు పెట్టకండి. ఎవరి దేవుణ్ణీ వెటకారం చేయవద్దు. మత భావాలను కావాలని గాయపరచడం నేరమనే భారతీయ న్యాయ సంహిత 299, 302 సెక్షన్లు మనకూ వర్తిస్తాయి.

టీ దుకాణం దగ్గర "అన్నా, ఇది తెల్లోళ్ల మతం కదా" అంటే కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు. తెల్లవాళ్లు ఓడల్లో రాకముందే, ఎన్నో వందల ఏళ్ల కిందటే, కేరళలో క్రైస్తవులున్నారు. ఈ పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి గారు రాసిన కీర్తనలు తెలుగు సంఘాలన్నిటా ఇవాళ్టికీ పాడుతున్నారు. "డబ్బుకు మారారు" అంటే "లెక్కల పుస్తకం ఉంది, వచ్చి చూడన్నా" అనగలగాలి. అందుకు కానుకల లెక్క నెలనెలా రాసి, ఇద్దరు సంతకం పెట్టాలి.

మైకు విషయం క్లుప్తంగా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. ఇళ్ల మధ్య హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు మూగబోవాల్సిందే. అదే ఏడాది మద్రాసులోని ఒక సంఘం కేసులో, ఇరుగుపొరుగు ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు అంది. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. హారన్లు పొరుగింటి వైపు కాక లోపలికి తిప్పి కట్టండి.

కూడిక మధ్యలో గుంపు వచ్చి ఆపితే? ఆడవాళ్లను, పిల్లలను లోపలే ఉంచి, ఇద్దరు మాత్రమే బయటికి వచ్చి మాట్లాడాలి. ఒకరు 112కు ఫోన్ చేయాలి, ఇంకొకరు మొదటి నిమిషం నుంచి ఆపకుండా వీడియో తీయాలి. ముక్కలు చేసి వాట్సాప్‌లో పెట్టకండి, మొత్తం ఫైలును అలాగే దాచండి. చట్టబద్ధంగా జరిగే ఆరాధనను ఆటంకపరచడం న్యాయ సంహిత 300వ సెక్షను కింద నేరం, మందిరాన్ని పాడుచేయడం 298. ఫిర్యాదులో "మా మనోభావాలు దెబ్బతిన్నాయి" అని పేజీలు నింపకుండా ఇలా రాయండి: "ఫలానా తేదీ ఉదయం 10:40కి ఆరాధన జరుగుతుండగా సుమారు ఇంతమంది తలుపు తోసుకుని వచ్చి, మైకు వైరు తెంపి, ఆరాధన ఆపించారు." చూసినది, సమయం, సాక్షులు ఉంటే చాలు. దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడే ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణ ఇచ్చింది గాని, ఒడియాలో రాసి ఇస్తే పని త్వరగా నడుస్తుంది. ఒడియాలో ఎఫ్‌ఐఆర్‌ను ‘ఏతలా’ అంటారు. ఏతలా నకలు ఉచితంగా ఇవ్వాలి. పరిధి మాది కాదన్నా జీరో ఎఫ్‌ఐఆర్ (ఏ ఠాణాలోనైనా నమోదు చేసి, సంబంధిత ఠాణాకు పంపేది) రాయాల్సిందే. తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్ష సంహిత (బిఎన్ఎస్ఎస్) 173(4) కింద ఎస్పీకి పోస్టులో పంపి, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఉచిత న్యాయసహాయం ఉంది, నంబరు 15100.

మందిరం స్థలం కొనేటప్పుడు జరిగే తప్పు మాత్రం తర్వాత దిద్దలేనిది. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నబరంగపూర్ జిల్లాలు పూర్తిగా, గజపతిలో కొంత భాగం షెడ్యూల్డ్ ఏరియా, అంటే ఆదివాసీల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకించిన ప్రాంతం. అక్కడ ఆదివాసీ భూమిని ఆదివాసీ కానివారికి బదిలీ చేయడం 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం చెల్లదు. సొసైటీ పేరున రాయించుకున్నా అంతే. తెల్లకాగితం మీద కొన్న స్థలంలో కట్టిన మందిరాన్ని ఎవరైనా ప్రశ్నిస్తే 25వ అధికరణ కాపాడదు.

సమాధుల స్థలం గురించి చావు ఇంట్లో మాట్లాడుకోవడం ఆలస్యం. పక్కనున్న బస్తర్‌లో ఒక పాస్టరు గారి దేహం వారాల తరబడి మార్చురీలో ఉండిపోయింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులకు అభిప్రాయం కుదరలేదు, చివరికి సొంత ఊరికి దూరంగా క్రైస్తవులకు కేటాయించిన స్థలంలో సమాధి చేయమన్నారు. మీ ఊళ్లో స్థలం లేకపోతే సర్పంచ్‌కు, తహసీల్దారుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. సంఘంలో ఎన్ని కుటుంబాలున్నాయో, ప్రస్తుతం ఎక్కడ పాతిపెడుతున్నారో అందులో రాయండి. ఆ దరఖాస్తు రెండో ప్రతి మీద కూడా సీలు వేయించుకోవడం మరవకండి.