హన్మకొండ నుంచి అమెరికా బడికి: కొత్తగా వస్తున్న టీచర్లకు కొన్ని మాటలు

వరంగల్, కరీంనగర్ వైపు నుంచి జే-1 వీసా మీద అమెరికా బడుల్లో పాఠాలు చెప్పడానికి వస్తున్న టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. హన్మకొండలో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్పి, ఇప్పుడు నార్త్ కరోలినాలో మిడిల్ స్కూల్లో అదే పని చేస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. ఈ వీసాకు డిగ్రీతో పాటు కనీసం 2 ఏళ్లు పాఠం చెప్పిన అనుభవం కావాలి. మొదట 3 ఏళ్ల వరకు ఇస్తారు, తర్వాత ఇంకో 1 లేదా 2 ఏళ్లు పొడిగించుకోవచ్చు. ఈ వీసా మీద మిమ్మల్ని తీసుకొచ్చే స్పాన్సర్ సంస్థ పేరు అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. అది చూడకుండా ఏ ఏజెంటుకూ రూపాయి కట్టొద్దు. కాకతీయ యూనివర్సిటీలో చదివినవాళ్లు ట్రాన్స్‌క్రిప్టులు ఇక్కడికి వచ్చాక తెప్పించుకోవడం కష్టం, బయల్దేరే ముందే రెండు మూడు సెట్లు తీసి పెట్టుకోండి. మన బడులు జూన్‌లో తెరుస్తారు, ఇక్కడ ఎక్కువ చోట్ల ఆగస్టులో. ఇంకో మాట: జే-1 టీచర్లకు మామూలుగా మొదటి 2 క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (ముసలితనంలో వైద్యం) పన్నులు పడవు. మొదటి జీతం స్లిప్పులో ఈ పన్నుల కోత కనిపిస్తే వెంటనే పేరోల్ వాళ్లను అడగండి.

అసలు టెన్షన్ క్లాసులోకి వెళ్లాక మొదలవుతుంది. ఒకే గదిలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు, అరబిక్ మాట్లాడేవాళ్లు, వియత్నామీ మాట్లాడేవాళ్లు ఉంటారు. ఇన్ని రకాల పిల్లలకు నేనేం చెప్పగలను అని భయపడతారు. భయపడకండి, ఈ పని మీరు ఇదివరకే చేశారు. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ములుగు వైపు కొన్ని ఊళ్లలో కోయ, హన్మకొండలో ఎన్నో ఇళ్లలో ఉర్దూ. బడికొస్తే తెలుగు, పుస్తకం తెరిస్తే ఇంగ్లిష్. ఆ పిల్లలకు పాఠం ఎక్కించడానికి మీరు పడ్డ పాట్లన్నీ ఇక్కడ పనికొస్తాయి. ఇక్కడ ఆ సాయం చట్టం ప్రకారం అందాల్సినది కూడా. ఇంగ్లిష్ రాని పిల్లలను అలాగే కూర్చోబెట్టి వదిలేయకూడదని 1974లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. వలస కాగితాలు లేవని ఏ పిల్లనూ బడి నుంచి ఆపకూడదని 1982లో చెప్పింది. అందుకే వాళ్ల కుటుంబాల వీసా సంగతులు ఎప్పుడూ అడగకండి.

భాష రాని పిల్లలు మొదట కొన్ని నెలలు నోరు విప్పకపోవచ్చు. అది మొండితనం కాదు, తెలివి తక్కువా కాదు. నిలబెట్టి గట్టిగా చదివించకండి. గ్వాటెమాలా నుంచి వచ్చిన ఒక అబ్బాయి భాగహారాలు చకచకా చేసేవాడు. అదే లెక్క వాక్యాల్లో ఇస్తే పెన్సిల్ కింద పెట్టేసేవాడు. ఒకరోజు లెక్క బేస్‌బాల్ మీద వచ్చింది. బోర్డు మీద తొమ్మిది గళ్లు గీసి, ఒక్కో ఇన్నింగ్స్‌కు ఒక్కో గడి అని చూపించి, పరుగులు రాశాను. రెండు నిమిషాల్లో జవాబు చెప్పాడు. వాడికి లెక్క ముందే వచ్చు, ఆట తెలియదు. అలాగే కొన్ని దేశాల పిల్లలు భాజకాన్ని కుడివైపు రాస్తారు, తీసివేత మనసులోనే చేసి శేషం మాత్రమే వేస్తారు. మనం నేర్పిన పద్ధతిలో లేదని తప్పు పెట్టకండి, ఎలా చేశావో చూపించమనండి.

తల దించుకున్న పిల్లవాడి మీద కూడా తొందరపడొద్దు. మన దగ్గర సార్ కోప్పడితే తల దించుకోవడమే మర్యాద. లాటిన్ అమెరికా ఇళ్లలో చాలా చోట్ల అంతే. ఇక్కడి టీచర్లు కొందరు నా కళ్లలోకి చూడు అంటారు. ఈ పిల్లవాడి మనసు మీకు వాళ్లకంటే ముందే అర్థమవుతుంది, పక్క టీచర్‌కు చెప్పండి. ఇక ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల కూర్చునే ఉండి, మీరు చెప్పింది నేను ఒప్పుకోను అంటుంది. అది పొగరు కాదు, పాఠం వింటోందని గుర్తు.

పొద్దున జెండా ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు ఎవరైనా లేవకపోతే లేపకండి. బలవంతం చేయకూడదని 1943 నుంచే కోర్టు తీర్పు ఉంది. రంజాన్ ఉపవాసం ఉన్న పిల్లలు మధ్యాహ్నం క్యాంటీన్‌లో కాకుండా లైబ్రరీలో కూర్చుంటామంటే కౌన్సెలర్‌తో మాట్లాడి ఏర్పాటు చేయండి. ఈద్‌కు రాని పిల్లలకు పరీక్ష ఇంకో రోజు పెట్టండి. మేడారం జాతర రోజుల్లో సగం బెంచీలు ఖాళీ అయితే మనం కొత్త పాఠం మొదలుపెట్టం కదా.

కొన్ని అలవాట్లు మాత్రం విమానం ఎక్కే ముందే వదిలేయాలి. స్లిప్ టెస్ట్ పేపర్లు పంచేటప్పుడు మార్కులు పైకి చదవడం అందులో మొదటిది. పిల్లల రికార్డులు గోప్యంగా ఉంచాలని 1974 నుంచి ఇక్కడ చట్టమే ఉంది. పేపర్ బోర్లించి చేతికివ్వండి. చెవి పట్టుకోవడం, వీపు మీద తట్టడం లాంటివి సరదాకైనా వద్దు. పిల్లల మీద ఇంట్లో దెబ్బలో, వేధింపో జరుగుతోందన్న అనుమానం వస్తే, పెద్దమనుషుల్లా తల్లిదండ్రులను పిలిచి సర్దిచెప్పడం మీ పని కాదు. చట్ట ప్రకారం వెంటనే రిపోర్ట్ చేయాలి. ఎవరికి, ఎలా అన్నది చేరిన మొదటి వారంలోనే కనుక్కోండి.

ఐఈపీ అనే కాగితం వస్తే జాగ్రత్తగా చదవండి. వైకల్యమో, నేర్చుకోవడంలో ఇబ్బందో ఉన్న పిల్లలకు ఏ సాయం చేయాలో అందులో ఉంటుంది. పరీక్షకు ఎక్కువ టైమ్ అని రాసుంటే ఇచ్చి తీరాలి, మన ఇష్టం కాదు.

తల్లిదండ్రులతో మాట్లాడాలంటే దుబాసీని ఇమ్మని ఆఫీసులో అడగండి. పిల్లవాడినే మధ్యలో పెట్టి మాట్లాడించకండి, వాడి మీది ఫిర్యాదును వాడే అమ్మకు చెప్పాల్సి వస్తుంది. మొదటి ఫోన్ మాత్రం ఫిర్యాదు కోసం చేయకండి. బడి తెరిచిన రెండు మూడు వారాల్లో, మీ అబ్బాయి ఈ లెక్క బాగా చేశాడని చెప్పడానికి ఒకసారి చేయండి. బడి నుంచి ఫోన్ అనగానే కంగారుపడే అమ్మానాన్నలు, తర్వాత మీరు ఏం చెప్పినా వింటారు.