మన ప్రాంతంలో అగ్నిశిలలను గుర్తించడం ఎలా?

భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం చల్లారి గట్టిపడితే అగ్నిశిల ఏర్పడుతుంది. అది ఎంత వేగంగా చల్లారిందో రాతిలోని ఖనిజపు గింజల పరిమాణం చెబుతుంది కాబట్టి, రంగును బట్టి రాయికి పేరు పెట్టే అలవాటు మానుకుని ముందుగా గింజను చూడాలి. 1,100 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడితో లావాగా పొంగి, నేల మీద త్వరగా గడ్డకట్టిన బసాల్టులో గింజలు కంటికి ఆనవు. కిలోమీటర్ల లోతున నెమ్మదిగా చల్లారిన గ్రానైట్‌లో వాటిని విడివిడిగా చూడవచ్చు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కువగా కనబడేది ఈ రెండో రకమే. పైనున్న రాతి పొరలు కోట్ల సంవత్సరాలుగా అరిగిపోవడం వల్ల ఒకనాటి లోతు నేడు నేల మీదికి తేలింది.

ఒక భూతద్దం, ఇనుప మేకు, సీసాడు నీళ్లు వెంట ఉంటే చాలు.

ఎండావానలకు మాసిన పైపొరను నమ్మకుండా, తాజాగా విరిగిన ముఖాన్ని వెతికి కడగండి. తరువాత రాయిని ఎండలో అటూ ఇటూ తిప్పండి. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు ముఖాలు చదునుగా ఉండి ఒక్కసారిగా తళుక్కుమంటాయి. పలుగురాయి (క్వార్ట్జ్) గాజుపెంకులా విరుగుతుంది, మేకుతో ఎంత గీసినా దాని మీద గాటు పడదు. గోటితో గీరితే రేకులుగా ఊడివచ్చేది అభ్రకం, మన వాడుకలో కాకిబంగారం. గింజలు ఒకే దిశలో చారలుగా సాగి ఉంటే అది నైస్ అనే రూపాంతర శిల, అంటే వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి, కావచ్చు. మార్కాపురం పలక కూడా అగ్నిశిల కాదు, బురద పేరుకుని ఒత్తిడికి పలకబారినది.

ఇక వెతకవలసిన చోట్లలో మొదటిది, ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద వచ్చే చీమకుర్తి. ఇక్కడి బ్లాక్ గెలాక్సీ అనే నల్లరాయిని గ్రానైట్ పేరుతో అమ్ముతారు గాని, శాస్త్రరీత్యా అది లోతున నెమ్మదిగా చల్లారిన నల్లని అగ్నిశిల అయిన గాబ్రో కుటుంబానికి చెందినది. మెరుగుపెట్టిన పలకను కొద్దిగా వంచి చూస్తే, నల్లని నేపథ్యంలో రాగి, బంగారు వన్నె చుక్కలు ఒక కోణంలో వెలిగి మరో కోణంలో ఆరిపోతాయి. అది బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. దీన్ని చూడటానికి క్వారీలోకి దిగనక్కర లేదు. పాలిషింగ్ యూనిట్ యజమానిని అడిగితే విరిగిన ముక్క దొరకవచ్చు.

రెండోది నెల్లూరు జిల్లా సైదాపురం వైపు ఉన్న అభ్రకపు నేల. అక్కడి పెగ్మటైట్ అనే, చాలా పెద్ద గింజలున్న అగ్నిశిలలో అరచేతికి మించిన అభ్రకపు రేకులు, వాటి పక్కనే తెల్లని పలుగురాళ్లు కనబడతాయి. శిలాద్రవం చాలావరకు గడ్డకట్టాక మిగిలిన చివరి ద్రవంలో నీరు ఎక్కువగా ఉండటం వల్ల మూలకాలు సులువుగా కదిలి స్ఫటికాలు అంత పెద్దవిగా పెరిగాయి. అంటే ఇక్కడ గింజ పరిమాణానికి చల్లారే వేగం ఒక్కటే కారణం కాదు. పాత గనుల గుంతల అంచుకు మాత్రం వెళ్లవద్దు, నీటి లోతు పైకి తెలియదు, గట్టు విరిగిపడే ప్రమాదమూ ఉంది. బయట పోసిన రాతిగుట్టలలోనే, అది కూడా స్థలం యజమాని అనుమతితో, వెతకడం మేలు.

మూడోది కనిగిరి, దాని చుట్టుపక్కల గ్రానైట్ కొండలున్నాయి. మూడు చోట్ల ముక్కలనూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూడండి. దొరికిన ప్రతి రాతికీ ఊరి పేరు, తేదీ రాసిన చీటీని అక్కడికక్కడే అంటించండి; ఇంటికి వచ్చాక రాయాలనుకుంటే ఏ ముక్క ఎక్కడిదో కలిసిపోతుంది.