పల్ప్‌ని బతికించుకుందాం – 4వ భాగం: ఎమ్‌టీఏ కలపడం, పెట్టడం

పోయిన భాగంలో పుచ్చు తీయడం దగ్గర ఆగాం. తీస్తూ తీస్తూ ఉంటే చివర్లో సూదిమొనంత ఎర్రచుక్క కనిపించిందనుకోండి, అంటే పల్ప్ (పన్ను లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) బయటపడినట్టు. టెన్షన్ పడి వెంటనే రూట్ కెనాల్ అనేయకండి. అప్పటిదాకా ఆ పన్ను దానంతట అది నొప్పి పెట్టకుండా, చల్లటిది తగిలితే జివ్వుమని వెంటనే సర్దుకుంటూ ఉంటే పల్ప్ బతికే అవకాశం బాగానే ఉంది.

రబ్బర్ డ్యామ్ (పన్నుకి ఉమ్ము తగలకుండా చుట్టూ వేసే రబ్బరు షీటు) ముందే వేసి ఉండాలి, ఉమ్ము తగిలాక ఎంత ఖరీదైన మందు పెట్టినా దండగే. క్రిముల్ని చంపే సోడియం హైపోక్లోరైట్‌లో తడిపిన దూది ఉండని ఆ చుక్క మీద ఉంచి ఆగండి. ఈ పాఠంలో నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టేది ఇక్కడే, ఎందుకంటే పల్ప్ పరిస్థితి ఏంటో చెప్పేది ఆ రక్తమే. 5 నుంచి 10 నిమిషాల్లో ఆగితే వాపు పైపైనే ఉన్నట్టు. ఆగలేదా, లోపలికి పాకింది, అప్పుడు పాడైన పల్ప్‌ని కొంత తీయాల్సిందే, అది వచ్చే భాగంలో.

ఇక ఆ చుక్క మీద పెట్టే మందు. 1993లో అమెరికాలోని లోమా లిండా యూనివర్సిటీలో మహమూద్ తొరాబినెజాద్ బృందం పరిచయం చేసిన ఎమ్‌టీఏ (మినరల్ ట్రయాక్సైడ్ అగ్రిగేట్)కి మూలం ఇళ్ళు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటే, ఎక్స్‌రేలో కనబడటానికి బిస్మత్ ఆక్సైడ్ కలిపారు. నీళ్ళు తగిలితే కాల్షియం హైడ్రాక్సైడ్ పుట్టి పీహెచ్ 12.5 దాకా పోతుంది, డెంటిన్‌లో (ఎనామిల్ కింద ఉండే గట్టి పొర) దాగున్న గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాల్ని పనిలోకి దింపే ప్రోటీన్లు) బయటికొస్తాయి, పల్ప్ కణాలు కింద కొత్త గోడ కట్టడం మొదలుపెడతాయి.

గాజు పలక మీద తూకంలో 3 వంతుల పొడికి 1 వంతు స్టెరైల్ నీళ్ళు, అదీ కొంచెం కొంచెంగా కలుపుతూ తడి ఇసుకలా వచ్చేదాకా చూడండి. జారుతుంటే పొడి దూదితో నీళ్ళు పీల్చేయండి. క్యారియర్‌తో (మందుని లోపలికి చేర్చే చిన్న పరికరం) చుక్క మీద వదిలి, తడి దూదితో మెల్లగా సర్దండి, గట్టిగా అదమొద్దు. మందం 1.5 మి.మీ.కి తగ్గకూడదు, చుట్టూ ఉన్న డెంటిన్ మీదికి కూడా రావాలి. గట్టిపడటానికి దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది కాబట్టి పైన తడి దూది, దాని మీద తాత్కాలిక ఫిల్లింగ్, అసలు ఫిల్లింగ్ తర్వాతి విజిట్‌లో.

ముందు పళ్ళకి మాత్రం ఇది వద్దు, బిస్మత్ వల్ల పన్ను నల్లబడుతుంది. అక్కడ జిర్కోనియం ఆక్సైడ్ ఉన్న బయోడెంటిన్ అనే ఇలాంటి మందే వాడండి, సుమారు 12 నిమిషాల్లో గట్టిపడుతుంది.

ఈ వారం, తీసేసిన పళ్ళు స్టెరిలైజ్ చేసి వాటిలో పెట్టి చూడండి, తర్వాత నిలువుగా కోసి మందం కొలవండి.